ఒక్క రోజులో పది గిరి ప్రదక్షిణలు!

అల్ట్రా పరుగు వీరులంటే సామాన్య రన్నర్లకు ఎందుకంత ఆరాధన? ఆరాధన ఎక్కడ ఆగాలి?

విశాఖపట్నం: ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి గిరి ప్రదక్షిణకు బయలుదేరే భక్తులు లక్షల్లో ఉంటారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్ల దారి. రాత్రంతా నడిచి అప్పన్న సన్నిధికి చేరినవారికి మరునాడు ఇంటి మెట్లు దిగాలన్నా కాళ్లు మొరాయిస్తాయి. ఆ నొప్పి ఎరిగినవారు ఈ లెక్క ఒకసారి చూడాలి. లిథువేనియా దేశస్థుడు అలెగ్జాండర్ సొరోకిన్ 2022 సెప్టెంబరులో ఇటలీలోని వెరోనా నగరంలో 24 గంటల్లో పరుగెత్తిన దూరం 319.614 కిలోమీటర్లు. అంటే సింహగిరి చుట్టూ ఒక పగలు, ఒక రాత్రి గడిచేలోగా పది ప్రదక్షిణలు! హైదరాబాద్ నుంచి పరుగు మొదలుపెడితే మరునాడు అదే సమయానికి విజయవాడ దాటి ఇంకా 40 కిలోమీటర్లకు పైగా ముందుకు వెళ్లినట్టు.

మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లకు మించిన పరుగులన్నింటినీ అల్ట్రా మారథాన్లు అంటారు. 50 కి.మీ., 100 కి.మీ., 100 మైళ్లు అని దూరం ముందే నిర్ణయించి పెట్టే పందేలు కొన్ని. 6 గంటలు, 12 గంటలు, 24 గంటలు అని సమయం నిర్ణయించి, ఆ గడువులో ఎవరు ఎక్కువ దూరం వెళితే వారినే విజేతగా ప్రకటించేవి మరికొన్ని. రోజుల తరబడి సాగేవీ ఉన్నాయి. ఈ పందేల్లో పాల్గొనేవారు కోటీశ్వరులైన క్రీడాకారులు కారు. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారాలూ అరుదే. అయినా తెల్లవారుజామున బీచ్ రోడ్డులో పరుగు సాధన చేసే ఉద్యోగులు, వైద్యులు, వ్యాపారులు, గృహిణుల మధ్య ఈ పేర్లు, ఈ అంకెలు తరచూ వినిపిస్తుంటాయి. సొంతంగా 10 కిలోమీటర్లు పూర్తి చేయడానికే ఆపసోపాలు పడేవారు కూడా వందల కిలోమీటర్ల వీరుల గురించి పొంగిపోతూ మాట్లాడుకుంటారు.

దీనికి కారణం లేకపోలేదు. క్రికెట్ అభిమాని చేత బ్యాటు పట్టకపోయినా సచిన్‌ను ఆరాధించగలడు. పరుగు విషయంలో అలా కాదు. 320 కిలోమీటర్లన్నా, 3,200 కిలోమీటర్లన్నా పరుగు తెలియనివారికి రెండూ ఒకటే. ఓసారి ఆశ్చర్యపోయి మరచిపోతారు. 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌లో 18వ కిలోమీటరు దగ్గర మోకాళ్లు పట్టేసిన అనుభవం ఉన్న మనిషికి మాత్రమే ఆ అంకె బరువు తెలుస్తుంది. తన శరీరమే కొలబద్ద.

నాలుగున్నర నిమిషాల మర్మం

సొరోకిన్ దూరాన్ని సమయంతో భాగిస్తే అసలు విషయం బయటపడుతుంది. సగటున కిలోమీటరుకు 4 నిమిషాల 30 సెకన్లు. గంటకు 13.3 కిలోమీటర్ల వేగం. ఈ వేగంతో మారథాన్ పూర్తి చేయడానికి 3 గంటల 10 నిమిషాలు పడుతుంది. ఏళ్ల తరబడి సాధన చేసే ఔత్సాహిక రన్నర్లలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా అందని సమయమిది. సొరోకిన్ అటువంటి మారథాన్లను మధ్యలో విరామమన్నది లేకుండా ఏడున్నర చేశారు. తిన్నదీ, తాగిందీ, కాలకృత్యాలకు ఆగిందీ ఆ సగటులోనే కలిసి ఉన్నాయి. సముద్రపు గాలిలోని ఉక్కకు చొక్కా తడిసిపోయే మన తీరంలో ఇదే వేగంతో ఐదు కిలోమీటర్లు నిలకడగా పరుగెత్తి చూస్తే ఆ అంకె ఎంతటిదో అర్థమవుతుంది.

మరో విశేషమేమిటంటే, సొరోకిన్ చిన్ననాటి నుంచి పరుగులో తీర్చిదిద్దిన ఆటగాడు కాదు. యువకుడిగా కయాకింగ్ పడవ పోటీల్లో పాల్గొని, తర్వాత బరువు పెరిగి, దాన్ని తగ్గించుకోవడానికి 2013లో పరుగు మొదలుపెట్టారు. సామాన్య రన్నర్లు ఆయనను తమవాడిగా భావించడానికి ఇదొక కారణం.

ఆయనకు ముందు ఈ రంగంలో తిరుగులేని పేరు గ్రీస్ దేశస్థుడు యానిస్ కూరోస్‌ది. 1997లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 24 గంటల్లో ఆయన నెలకొల్పిన 303.506 కిలోమీటర్ల రికార్డు 24 ఏళ్లపాటు చెక్కుచెదరలేదు. 2021లో పోలండ్‌లో 309.399 కిలోమీటర్లతో దాన్ని దాటింది కూడా సొరోకినే. మరుసటి ఏడాది వెరోనాలో తన రికార్డును తానే పది కిలోమీటర్లకు పైగా పెంచుకున్నారు.

పురాణ గాథను పరీక్షించిన ఐదుగురు

ఆరాధన ఒక్కోసారి పరిశోధనకు దారితీస్తుంది. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ యుద్ధానికి ముందు ఏథెన్స్ నుంచి స్పార్టాకు సాయం కోరుతూ ఫిడిపిడెస్ అనే వార్తాహరుడు పరుగున వెళ్లి మరునాటికే చేరుకున్నాడని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అది సాధ్యమా, కేవలం కట్టుకథా అన్న సందేహం బ్రిటన్ వాయుసేన అధికారి జాన్ ఫోడెన్‌కు కలిగింది. స్వయంగా రన్నర్ అయిన ఆయన 1982లో మరో నలుగురితో కలిసి ఆ దారిలో పరుగెత్తి చూశారు. ముగ్గురు 40 గంటల్లోపే స్పార్టా చేరుకున్నారు. కథ అసాధ్యం కాదని తేలిపోయింది.

మరుసటి ఏడాది నుంచి అదే దారిలో స్పార్టథ్లాన్ పేరిట 246 కిలోమీటర్ల పందెం మొదలైంది. గడువు 36 గంటలు. 1983లో తొలి పందెం గెలిచింది కూరోస్. 1984లో ఆయన నమోదు చేసిన 20 గంటల 25 నిమిషాల రికార్డు దాదాపు నాలుగు దశాబ్దాలు నిలిచింది. 2023లో ఆయన దేశస్థుడే అయిన ఫోటిస్ జిసిమోపులోస్ 19 గంటల 55 నిమిషాల్లో పూర్తి చేసి దాన్ని చెరిపేశారు.

బంగాళాదుంపల రైతు విజయం

రన్నర్ల సంభాషణల్లో తరచూ వచ్చే మరో పేరు క్లిఫ్ యంగ్. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, బీచ్ ఫారెస్ట్ అనే ఊళ్లో బంగాళాదుంపలు పండించే రైతు. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వరకు 875 కిలోమీటర్ల పందెం పెట్టినప్పుడు ఆయన వయసు 61 సంవత్సరాలు. విశాఖ నుంచి చెన్నై దాదాపు 800 కిలోమీటర్లు. అంతకంటే ఎక్కువ దూరం. తనకంటే ఎంతో చిన్నవారైన ప్రఖ్యాత రన్నర్లందరినీ వెనక్కు నెట్టి ఆ రైతు 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో గమ్యం చేరారు. గెలుచుకున్న 10 వేల డాలర్లను తోటి పోటీదారులకు పంచిపెట్టడంతో ఆ దేశమంతా ఆయనకు జేజేలు పలికింది.

ఈ గెలుపు చుట్టూ అల్లుకున్న కథలకు లెక్కలేదు. పొలం పనులు తప్ప పరుగంటే తెలియని వృద్ధుడు అకస్మాత్తుగా వచ్చి గెలిచాడని, పందెంలో నిద్రపోవచ్చని ఆయనకు తెలియనే తెలియదని చెప్పుకుంటారు. వినడానికి ఇంపుగానే ఉంటాయి గానీ, ఇవి ఆయనకు న్యాయం చేసే కథలు కావు. యంగ్ అంతకు కొన్నేళ్ల ముందే పరుగు పోటీల్లో పాల్గొనడం ప్రారంభించారు. 1982లో వెయ్యి మైళ్ల రికార్డుకు ప్రయత్నించి, సగం దూరం దాటాక, 805 కిలోమీటర్ల వద్ద విరమించుకున్నారు. ఆ ఓటమి నుంచి నేర్చుకున్న పాఠాలతోనే సిడ్నీకి వెళ్లారు. బాల్యంలో గొర్రెల మందలను రోజుల తరబడి కాలినడకన తోలిన అలవాటు కూడా తనకు తోడ్పడిందని ఆయన చెప్పుకొన్నారు.

ఇక నిద్ర సంగతి. తొలి రాత్రి మిగిలినవారు ఇంకా నిద్రలో ఉండగానే యంగ్ లేచి చీకట్లో దారి పట్టారు. తెల్లవారేసరికి ముందున్నారు. మిగిలిన రోజుల్లోనూ చాలా తక్కువ నిద్రతో సరిపెట్టుకున్నారు. ఆయన పరుగు చూడముచ్చటైనదేమీ కాదు. పాదాలను నేల మీద నుంచి పెద్దగా ఎత్తకుండా ఈడ్చినట్టుగా సాగేది. శ్రమను ఆదా చేసే ఆ పద్ధతిని తర్వాత ఎందరో అల్ట్రా రన్నర్లు అనుసరించారు.

మొత్తం దూరాన్ని సమయంతో భాగిస్తే యంగ్ సగటు వేగం గంటకు దాదాపు ఆరున్నర కిలోమీటర్లే. వడివడిగా నడిచే వేగం. అరగంటపాటు ఆ వేగాన్ని అందుకోలేని ఆరోగ్యవంతుడు ఉండడు. ఆ అరగంటను 270 సార్లు వరుసగా పేర్చడమే ఆయన చేసిన ఘనకార్యం. సొరోకిన్ వేగం సామాన్యుడికి అందనిది. యంగ్ వేగం అందరికీ అందేది. ఓర్పు మాత్రం ఎవరికీ అందనిది. ఔత్సాహికులకు ఈ రైతు మీద ప్రత్యేకమైన మమకారం ఏర్పడింది ఇందుకే. ఆయన 2003లో, 81వ ఏట కన్నుమూశారు.

గాంధీజీని దించేసిన దారిలో...

సామాన్య రన్నర్లు, అసామాన్య వీరులు ఒకే రోజు ఒకే రోడ్డుపై పరుగెత్తే అల్ట్రా పందేల్లో ప్రపంచ ప్రసిద్ధి పొందింది దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథాన్. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య దాదాపు 88 నుంచి 90 కిలోమీటర్ల కొండదారి. 1893 జూన్ 7 రాత్రి డర్బన్ నుంచి వచ్చిన రైలులోంచి గాంధీజీని తోసివేసింది ఆ పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లోనే. తెలుగువారికి ఈ ప్రాంతంతో మరో బంధమూ ఉంది. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు మీదుగా నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా తరలిపోయినవారిలో ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాలవారు ఎందరో. వారి వారసులు నేటికీ డర్బన్ పరిసరాల్లో ఉన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన తోటి సైనికుల స్మృత్యర్థం విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు 1921 మే 24న ఈ పందేన్ని ప్రారంభించారు. తొలిసారి బయలుదేరినవారు 34 మంది. చేరినవారు 16 మంది. విజేత బిల్ రోవన్‌కు పట్టిన సమయం 8 గంటల 59 నిమిషాలు. నేడు వేల సంఖ్యలో పాల్గొంటున్నారు. విదేశాల నుంచి వెళ్లేవారిలో భారతీయులూ గణనీయంగా ఉంటున్నారు. ఒక ఏడాది డర్బన్ వైపు దిగువకు, మరో ఏడాది పీటర్‌మారిట్జ్‌బర్గ్ వైపు ఎగువకు పరుగు సాగడం ఆనవాయితీ.

ఈ పందెంలో పతకాల ఏర్పాటు చూడదగినది. తొమ్మిది గంటల్లోపు పూర్తి చేసినవారికి బిల్ రోవన్ పేరిట పతకం ఇస్తారు. నేటి ఔత్సాహికుడు 1921 నాటి విజేతతో సమానంగా పరుగెత్తినట్టు లెక్క. పదకొండు, పన్నెండు గంటల మధ్య చిట్టచివర చేరేవారికి ఇచ్చే పతకానికి సాక్షాత్తూ వ్యవస్థాపకుడు క్లాఫమ్ పేరు పెట్టారు. పది గంటల్లోపు చేరేవారికి రాబర్ట్ మ్ట్‌షాలి పేరిట పతకం ఉంది. ఆయన 1935లో ఈ దూరాన్ని పూర్తి చేసిన నల్లజాతి రన్నర్. అప్పట్లో పందెం శ్వేతజాతి పురుషులకే పరిమితం కావడంతో ఆయన పేరు అధికారిక జాబితాకు ఎక్కలేదు. నల్లజాతివారికి, భారత సంతతివారికి, మహిళలకు అధికారికంగా తలుపులు తెరుచుకున్నది 1975లో. పేరు నమోదు కాదని తెలిసీ 90 కిలోమీటర్లు పరుగెత్తినవారు అంతకు ముందు ఎందరో ఉన్నారు. వారి పరుగును ఏ గడియారంతో కొలవాలి?

మార్గమధ్యంలో కొండవాలున ‘ఆర్థర్ సీటు’ అనే చిన్న గూడు ఉంది. 1920వ దశకంలో ఐదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ అక్కడ కూర్చునేవారని ప్రతీతి. న్యూటన్ నటాల్‌లోని రైతు. తన భూమి విషయంలో ప్రభుత్వంతో తగాదా వచ్చి, ప్రజల దృష్టిని ఆకర్షించడానికి 40 ఏళ్లకు చేరువైన వయసులో పరుగు ప్రారంభించారు. నేటికీ అటుగా వెళ్లే రన్నర్లు ఆ గూడులో ఒక పువ్వు ఉంచి ఆర్థర్‌కు శుభోదయం చెప్పి ముందుకు సాగుతారు. అలా చేస్తే మిగిలిన దారి సాఫీగా సాగుతుందని నమ్మకం. పొలిమేరలో అమ్మవారికి దండం పెట్టి ప్రయాణం సాగించే మనవారికి దీన్ని వివరించనక్కరలేదు.

గడువు విషయంలో మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. పన్నెండు గంటలు పూర్తికాగానే ఓ అధికారి పరుగెత్తి వస్తున్నవారికి వీపు చూపి నిలబడి తుపాకీ పేలుస్తారు. ఒక్క అడుగు దూరంలో ఉన్నా లెక్కలోకి రాదు, పతకం లేదు. దీన్ని తప్పించుకోవడానికి సామాన్యులు ‘బస్సు’ ఎక్కుతారు. అనుభవజ్ఞుడైన రన్నర్ ఒకరు ‘డ్రైవరు’గా ముందుండి, ఎక్కడ పరుగెత్తాలో, ఏ ఎత్తు దగ్గర నడవాలో చెబుతూ వందల మందిని పాటలు పాడిస్తూ గడువులోగా గమ్యం చేర్చే గుంపునే అక్కడ బస్సు అంటారు.

ఈ పందెంలో అందరికంటే ఎక్కువ మంది తలచుకునేది వాలీ హేవార్డ్‌ను. 1930లో 21 ఏళ్ల వయసులో గెలిచారు. మళ్లీ 1950, 51, 53, 54 సంవత్సరాల్లో గెలిచారు. అక్కడితో ఆగి ఉంటే ఆయన ఒక గొప్ప విజేతగా మిగిలేవారు. 1988లో 79 ఏళ్ల వయసులో తిరిగి వచ్చి 9 గంటల 44 నిమిషాల్లో పూర్తి చేశారు. మరుసటి ఏడాది, 80వ ఏట, అడుగులు తడబడుతుండగా 10 గంటల 58 నిమిషాలకు గీత దాటారు. అప్పటి గడువు 11 గంటలు. రెండు నిమిషాలైనా మిగలలేదు. ఐదు విజయాల కంటే ఆ చివరి పరుగునే సామాన్య రన్నర్లు ఎక్కువగా గుర్తు చేసుకోవడం గమనార్హం.

99 సెకన్లు

గడువుతో పోరాటంలో ఇటీవలి ఘట్టం 2024 మార్చి నాటిది. అమెరికాలోని టెన్నెసీ అడవుల్లో జరిగే బార్‌క్లీ మారథాన్స్ పందెంలో దారి చూపే గుర్తులు ఉండవు. అడవిలో అక్కడక్కడా దాచిన పుస్తకాల్లోంచి తమ అంకె ఉన్న పేజీని చింపి తేవడమే అటువైపు వెళ్లామనడానికి రుజువు. 60 గంటల్లో ఐదు చుట్లు పూర్తి చేయాలి. చాలా ఏళ్లలో ఒక్కరు కూడా పూర్తి చేయలేదు. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు, ఇద్దరు పిల్లల తల్లి జాస్మిన్ పారిస్ 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లకు చేరుకుని నేలకు ఒరిగారు. మిగిలింది 99 సెకన్లు. దీన్ని పూర్తి చేసిన తొలి మహిళ ఆమే. అంతకుముందు 2019లో బ్రిటన్‌లో దాదాపు 430 కిలోమీటర్ల స్పైన్ రేసులో పురుషులతో సహా అందరికంటే ముందు నిలిచారు. అప్పుడు ఆమె పాలిచ్చే తల్లి. దారిలోని మజిలీల్లో ఆగి బిడ్డ కోసం పాలు పిండి ఉంచారు.

శరీరం లోపల ఏం జరుగుతుంది?

ఇంతటి దూరాలు ఎలా సాధ్యం? మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే శక్తి సుమారు 2 వేల కేలరీలు. పరుగులో మనిషి కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల వ్యక్తికి ఆ నిల్వ 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. మారథాన్ రన్నర్లు ‘గోడకు గుద్దుకున్నట్టు’ ఉంటుందని చెప్పే స్థితి ఇదే. అక్కడి నుంచి శరీరం కొవ్వు మీద ఎక్కువగా ఆధారపడాలి. కొవ్వు నిల్వ అపారమే గానీ, అది నెమ్మదిగా కరుగుతుంది. అందుకే అల్ట్రా పరుగులో మొదటి సూత్రం నిదానం. ఎత్తు వస్తే నడక, సమతలం వస్తే పరుగు. ఉత్సాహంగా ఉన్నా తొలి గంటల్లో వేగాన్ని అదుపులో పెట్టుకోవాలి.

రెండోది తిండి. 320 కిలోమీటర్లకు 60 కిలోల మనిషి ఖర్చు చేసే శక్తి 19 వేల కేలరీలకు పైమాటే. పరుగులో పేగులు గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థాలను మించి గ్రహించలేవు. అదైనా అలవాటు చేస్తేనే. రక్తమంతా కాళ్ల కండరాలకు మళ్లడంతో కడుపు తిరుగుతుంది, వాంతులవుతాయి. ఉప్పు చల్లిన ఉడికించిన దుంపలు, అరటిపళ్లు, సూపు, అన్నం ముద్దలు... ఎవరికి ఏది పడుతుందో సాధనలోనే తేల్చుకోవాలి. అల్ట్రా పందెం కాళ్ల పోటీ ఎంతో, కడుపు పోటీ కూడా అంతే.

మూడోది దిగువ దారి. ఎక్కడం కంటే దిగడమే తొడ కండరాలను ఎక్కువగా చీల్చుతుంది. గిరి ప్రదక్షిణ మరునాడు మెట్లు దిగేటప్పుడే నొప్పి ఎక్కువగా తెలిసేది ఇందువల్లే. నిద్రలేమి సంగతి సరేసరి. రెండో రాత్రికి చెట్లు మనుషుల్లా, రాళ్లు జంతువుల్లా కనిపించే భ్రమలు సాధారణం.

ఆరాధన అనుకరణగా మారితే...

వీరుల అంకెలు మాత్రమే చూసి, వెనుక ఉన్న ఏళ్ల సాధనను చూడనివారికి ప్రమాదం పొంచి ఉంది. ఒంట్లో నీరు తగ్గకూడదన్న ఆత్రంతో ఉప్పు లేని నీటిని అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి, మెదడు వాచి, ప్రాణం మీదికి వస్తుంది. దాహానికి తగినంతే తాగాలన్నది వైద్యుల మాట. నొప్పి తెలియకుండా మాత్రలు మింగి పరుగెత్తితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కండరాలు చితికి వాటిలోని పదార్థం రక్తంలో కలిస్తే మూత్రం కాఫీ రంగుకు మారుతుంది. అది కనిపిస్తే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. తీరప్రాంతంలో వడదెబ్బ ముప్పు అదనం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

చలి కూడా అంతే ప్రమాదకరమని 2021 మే 22న చైనాలో రుజువైంది. గాన్సు రాష్ట్రంలోని పర్వతాల్లో 172 మందితో మొదలైన 100 కిలోమీటర్ల పందెంలో వడగళ్లు, మంచు వాన, ఈదురుగాలులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. అత్యధికులు పలుచని చొక్కాలు, నిక్కర్లతో ఉన్నారు. గాలిని ఆపే జాకెట్టు తప్పనిసరి చేయలేదు. 21 మంది చలికి మరణించారు. మృతుల్లో ఆ దేశపు అగ్రశ్రేణి అల్ట్రా రన్నర్ లియాంగ్ జింగ్ కూడా ఉన్నారు. ఆరుగురిని కాపాడింది ఓ గొర్రెల కాపరి. తాను తలదాచుకున్న గుహలోకి వారిని చేర్చి నిప్పు రాజేసి బతికించాడు.

పొరుగున ఉన్న ఒడిశాలో మరో రకమైన ఉదంతం. 2006 మే 2న బుధియా సింగ్ అనే నాలుగేళ్ల బాలుడు పూరీ నుంచి భువనేశ్వర్ వరకు 65 కిలోమీటర్లు 7 గంటల 2 నిమిషాల్లో పరుగెత్తాడు. విజయవాడ నుంచి ఏలూరుకు ఉన్నంత దూరం, మే నెల ఎండ. దేశం ‘అద్భుత బాలుడు’ అంటూ వేనోళ్ల పొగిడింది. పరీక్షించిన వైద్యులు ఆందోళన వ్యక్తం చేయగా, ప్రభుత్వం అతడి దూర పరుగులను నిలిపివేసింది. ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లలను ఇటువంటి దూరాలకు పురికొల్పడం ఏ కోణంలో చూసినా సమర్థనీయం కాదు. చప్పట్లు కొట్టినవారెవరూ ఆ చిన్నారి కాళ్లతో పరుగెత్తలేదు.

జాతీయ రహదారి నుంచి స్టేడియం వరకు

భారతదేశంలోనూ ఈ క్రీడ వేళ్లూనుకుంటోంది. విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేసి ఉద్యోగం మానిన సూఫియా ఖాన్ 2019లో కశ్మీర్ నుంచి కన్యాకుమారికి 87 రోజుల్లో పరుగెత్తారు. 2020 డిసెంబరులో ఢిల్లీలో బయలుదేరి ముంబయి, చెన్నై, కోల్‌కతాల మీదుగా స్వర్ణ చతుర్భుజి రహదారిని చుట్టి 6,002 కిలోమీటర్లను 110 రోజుల్లో పూర్తి చేశారు. రోజుకు సగటున 54 కిలోమీటర్లకు పైగా. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ, శ్రీకాకుళం మీదుగా సాగే చెన్నై-కోల్‌కతా రహదారి కూడా ఆ చతుర్భుజిలోని ఒక భుజమే.

2022 జులైలో బెంగళూరులోని కంఠీరవ స్టేడియంలో జరిగిన ఆసియా, ఓషియానియా 24 గంటల చాంపియన్‌షిప్‌లో భారత పురుషుల జట్టు స్వర్ణం గెలుచుకుంది. అమర్ సింగ్ దేవందా 257.618 కిలోమీటర్లతో వ్యక్తిగతంగానూ మొదటి స్థానంలో నిలిచారు. గిరి ప్రదక్షిణ లెక్కన ఎనిమిది. 400 మీటర్ల ట్రాకుపై అయితే 644 చుట్లు.

మారథాన్ పూర్తి చేసి అల్ట్రా వైపు చూసేవారికి అనుభవజ్ఞులు మొదట సూచించేదీ ఇటువంటి స్టేడియం పరుగులనే. అడవి దారులు, కొండ శిఖరాలు తర్వాతి సంగతి. కామ్రేడ్స్‌కు వెళ్లాలన్నా నిర్ణీత సమయంలో ఒక మారథాన్ పూర్తి చేసినట్టు ముందుగా ధ్రువీకరణ చూపాల్సిందే. స్టేడియంలో ప్రతి చుట్టుకూ నీరు, తిండి, వైద్యుడు అందుబాటులో ఉంటారు. అలసిన చోట నడవవచ్చు, కునుకు తీసి మళ్లీ లేవవచ్చు. ఎప్పుడు ఆపినా అప్పటివరకు వెళ్లిన దూరం పేరు పక్కన నమోదవుతుంది. ఏళ్లుగా పరుగెత్తుతున్నవారైనా సరే, పేరు నమోదు చేసుకునే ముందు గుండె పరీక్ష, రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోవడం, వారానికి పరుగెత్తే దూరాన్ని నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రావడం తప్పనిసరి.